తూకం సెక్షన్లో మిగిలిన గడ్డం

పరాంకుశం గారు ఒక ఆదివారం పొద్దున తన డ్రైవర్ని తిట్టలేదు. చింతపండు నిల్వల మండలి చరిత్ర అక్కడ మలుపు తిరిగింది.

ఆయన ఆ మండలికి మేనేజింగ్ డైరెక్టరు. డ్రైవర్ని తిట్టకుండా కారెక్కిన రోజు ఆయన జీవితంలో అంతకుముందు లేదు. వెనక సీట్లో కూచున్నాక, ఒంట్లో బాగానే ఉందా అని తనమీద తనకే అనుమానం వచ్చింది. ఆలోచించగా ఆలోచించగా సంగతి తట్టింది. ఆ పొద్దున ఆయన కరెంటు షేవరు పక్కన పడేసి, ఎవరో బహుమతిగా ఇచ్చిన ఇనప రేజరు తీశారు. గిన్నెలో సబ్బు గిలక్కొట్టి, బ్రష్షుతో నురుగు పట్టించి, వెనకటివాళ్ల పద్ధతిలో తీరుబడిగా గడ్డం గీసుకున్నారు. ముప్పావుగంట పట్టింది. ఎక్కడా తెగలేదు. మనసు వెన్నముద్దలా ఉంది.

ఇంకొకడైతే ఈ ముచ్చట పెళ్లానికి చెప్పి ఊరుకునేవాడు. పరాంకుశం గారు అధికారి కదా, మర్నాడే సర్క్యులర్ దించారు.

“నిదానముగా గడ్డము గీసుకొను ఉద్యోగి నిదానముగా ఆలోచించును. నిదానముగా ఆలోచించు ఉద్యోగి ప్రజలపై విసుగుకొనడు. కావున మండలి పురుష సిబ్బంది యావన్మందియు సంప్రదాయ జలక్షౌర పద్ధతికి మారవలెను. యంత్ర క్షౌరము, బహుపత్ర క్షౌరము నిషిద్ధములు. మండలిలో ఏ సెక్షనునందును గడ్డము కనిపించరాదు.”

బహుపత్ర క్షౌరం అంటే ఏమిటో తెలియక అందరూ బుర్రలు గోక్కున్నారు. మూడు నాలుగు బ్లేడ్లు ఒకేచోట అతికించిన ప్లాస్టిక్ రేజరని తర్వాత వివరణ వచ్చింది. దీక్షలో మాల వేసుకున్నవాళ్లకీ, మతాచారం ఉన్నవాళ్లకీ మినహాయింపు ఇచ్చారు. మహిళా సిబ్బంది స్ఫూర్తి మాత్రం పొందితే చాలన్నారు.

ఇంటి దగ్గరే గీసుకొస్తున్నామని కొందరు బొంకుతున్నారని తేలేసరికి, ఆ పనంతా ఆఫీసులోనే జరగాలన్నారు. వరండా పొడుగునా అద్దాలు బిగించారు. అడవి పల్లెల నుంచి చింతపండు గంపలు నెత్తిన పెట్టుకొచ్చిన ఆడవాళ్లు కటకటాల అవతల నిలబడితే, ఇవతల నుంచి తెల్లటి నురుగు మొహాలు వాళ్లకేసి ఎంతో సహనంగా చూసేవి.

“ఏం సార్లు, గింత పొద్దెక్కినంక గడ్డాలేంది? మీ ఇండ్లల్ల నీళ్లొస్తలేవా?” అని అడిగింది పోచవ్వ అనే గంపావిడ.

“మీ కోసమే తల్లీ. మేం నున్నగ గీసుకున్నకొద్దీ మీ పనులు నున్నగ సాగుతయి” అన్నాడు తూకం సెక్షన్ సూపరింటెండెంటు భిక్షపతి.

సాగడం మాట దేవుడెరుగు, ముందు చెంపలు తెగాయి. అలవాటు లేని చేతుల్లో అలవాటు లేని రేజరు! గాటు పడ్డచోటల్లా న్యూస్ పేపరు ముక్క తడిపి అంటించుకునేవాళ్లు. ఏ గుమాస్తా మొహం చూసినా నిన్నటి వార్తలు చదువుకోవచ్చు. పరాంకుశం గారు మాత్రం వరండా వెంట నడుస్తూ బోధించేవారు.

“మొదటి విడత వెంట్రుక వాలినవైపు గీయాలి. అది అనులోమం. రెండో విడత అడ్డంగా. అది తిర్యక్కు. మూడోది ఎదురుగా. అది విలోమం. లోమం అంటే ఏమిటి? వెంట్రుక! ఈ అనులోమ విలోమాలని జనం ఊపిరితిత్తులకి అంటగట్టారు గానీ, నాయనా, ఈ విద్య అసలు పుట్టింది దవడ దగ్గర.”

ఆ వరండాలో ఒక్క గాటూ పడని మొహం ఒకటుండేది. తూకం సెక్షన్ సీనియర్ అసిస్టెంటు ఓదెలుది. అందులో ఆయన నేర్పేమీ లేదు పాపం. ఆయనకి పుట్టి బుద్ధెరిగాక గడ్డమే మొలవలేదు. చెంపలు మామిడిపండు తొక్కలా నిగనిగలాడుతుంటాయి. మరి ఆయన ఇంటిపేరో, గడ్డం. గడ్డం ఓదెలు. బళ్లో చేరిన దగ్గర్నుంచి ఈ పేరుకీ ఈ మొహానికీ పొత్తు కుదరక జనం నవ్వుతూనే ఉన్నారు, ఆయన నవ్వించుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు రూలు ప్రకారం ఆయన కూడా నురుగు పూసుకుని, ఏమీ లేనిచోట రేజరు ఆడించి, కడుక్కుని తూకం దగ్గరికి పోయేవాడు.

ఓదెలుకి ఈ గోలంతా పట్టలేదు. ఆయన ధ్యాసంతా భిక్షపతి కుర్చీ మీద ఉంది. భిక్షపతి త్వరలో రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ వరస ప్రకారం ఓదెలుదే. దానికి ఉన్న షరతు ఒక్కటే, సర్వీసు ఎక్కడా తెగకుండా ఉండాలి. ఓదెలు సర్వీసు ఒక్క పూట కూడా తెగలేదు. ఆయన భార్య వజ్రమ్మ అప్పుడే చుట్టాలందరికీ ఫోన్లు చేసి, “మా ఆయన సూపరిండెంటైతుండు” అని చెప్పేసింది. చుట్టాల్లో నవ్విన నోళ్లు చాలా ఉన్నాయి మరి, అన్నీ ఒకేసారి మూతపడాలని ఆవిడ కోరిక.

ఇలా ఉండగా పరిపాలనాధికారి నరహరికి ఒక ముచ్చట పుట్టింది. మండలిలో గడ్డం అనేదే లేదని ఎండీ గారికి రుజువుతో సహా చూపించాలి. సిబ్బంది వివరాలన్నీ ఉన్న కంప్యూటర్లో “గడ్డం” అని కొట్టి చూశాడు. ఒకటి దొరికింది! తూకం సెక్షన్లో. వెంటనే కింది అంతస్తుకి ఫోన్ చేశాడు.

“భిక్షపతి గారూ, మీ సెక్షన్లో గడ్డం ఉందా?”

భిక్షపతి ఎదురుగా చూశాడు. ఓదెలు కాటా పళ్లెం తుడుస్తున్నాడు.

“ఉన్నడు సార్.”

“ఎప్పట్నుంచి?”

“ఇరవై ఎనిమిదేండ్ల సంది సార్.”

“ఇరవై ఎనిమిదేళ్ల గడ్డమా! ఇన్నాళ్లూ ఎవరూ తీయలేదా?”

“ఎందుకు తీస్తరు సార్? మంచోడు.”

“మంచీ చెడ్డా మనకనవసరం. సాయంత్రంలోగా తీసేసి నాకు చెప్పండి. ఎండీ గారికి తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?” ఫోన్ పెట్టేశాడు.

భిక్షపతి మెట్లెక్కి పైకి వెళ్లి, అయ్యా గడ్డమంటే మనిషి అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ కథ లేదు. కానీ పై ఆఫీసరు మాటకి అర్థం అడిగే అలవాటు ఆయనకి సర్వీసు మొత్తంలో లేదు, ఈ చివరి రోజుల్లో మొదలుపెడతాడా? సాయంత్రం ఓదెలు చేతికి కాయితం ఇచ్చాడు. “గడ్డం తొలగించబడినది” అని ఉంది అందులో. ఓదెలు అదే కాయితం పట్టుకుని రెండేసి మెట్లెక్కి పరాంకుశం గారి గదిలోకి పోయాడు. నరహరి కూడా అక్కడే ఉన్నాడు.

“సార్, నేను మనిషిని సార్. గడ్డం మా ఇంటిపేరు” అన్నాడు.

పరాంకుశం గారు ఆ పొద్దున మూడు విడతలూ బ్రహ్మాండంగా గీసుకున్నారు. అందుకని ఎంతో ఓర్పుగా విన్నారు.

“మీరన్నది నిజమే ఓదెలు గారూ. కానీ రికార్డులో గడ్డం అని ఉందా, లేదా?”

“ఉంది సార్.”

“రికార్డులో ఉంటే ఉన్నట్టా, లేనట్టా?”

“ఉన్నట్టే సార్.”

“మరి?”

“నా మొఖం చూడున్రి సార్. ఒక్క ఎంటిక లేదు.”

“అదే నా భయం. పైకి కనిపించే గడ్డం కంటే కనిపించని గడ్డం ప్రమాదం. ఏ సర్క్యులర్‌కీ అందదు.”

నరహరికి జాలేసింది. “పోనీ, ఇంటిపేరు తీసేసుకోండి. ఉత్త ఓదెలు అంటే సరిపోదూ? రేపే ఆర్డరు రద్దు చేయిస్తాను” అని ఉపాయం చెప్పాడు.

ఓదెలు ఆ మాట ఇంటికి తీసుకెళ్లాడు. వజ్రమ్మ అన్నం వడ్డించే చెయ్యి ఆపేసింది.

“ఏందయ్యా, కొలువు కోసం ఇంటిపేరు ఇడిసిపెడ్తవా? మా అయ్య నన్ను గడ్డమోళ్ల ఇంటికిచ్చిండు. రేపటి సంది నేనేమోళ్ల కోడల్ని? ఉత్తోళ్ల కోడల్నా?”

“నేను ఇడుస్తనన్ననా? అడిగిన్రు, చెప్తున్న.”

“నాయిన పేరయ్యా అది!”

ఓదెలుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. తండ్రిని ఊరంతా గడ్డపాయన అని ఎంత ఆదరంగా పిలిచేదో గుర్తొచ్చింది. జనం నవ్వినన్ని రోజులూ ఆ పేరు మోసినవాడు, ఇప్పుడు కుర్చీ కోసం దించేస్తే తండ్రి మొహం తలుచుకోవడానికి కూడా సిగ్గుపడాలి. పేరు ఇవ్వనని తేల్చుకున్నాడు.

మర్నాడు కాటా తాళంచెవులు అప్పజెబుదామని ఆఫీసుకి పోయాడు. భిక్షపతి చూసి అదిరిపడి పైకి ఫోన్ చేశాడు. “సార్, నిన్న తీసేసిన గడ్డం మళ్లొచ్చింది!”

నరహరి కంగారుపడ్డాడు గానీ పరాంకుశం గారు పొంగిపోయారు. “రాకపోతే కదా ఆశ్చర్యం! తీసేకొద్దీ రావడం గడ్డం స్వభావం. నిన్న తీశామని ఇవాళ మానేస్తామా? రోజూ తీయాలి. అదే సాధన” అన్నారు.

ఇంకో కారణం కూడా ఉంది, అది ఎవరూ పైకి అనలేదు. మిగతావాళ్లంతా అద్దాల దగ్గరుంటే తూకం వేసే దిక్కు లేక చింతపండు గంపలు గేటు దాకా పేరుకుపోయాయి. ఓదెలు లేకపోతే మండలి మూతపడుతుంది. కాబట్టి పద్ధతి ఇలా ఖాయమైంది. రోజూ పదింటికి గడ్డాన్ని తొలగించాలి. ఆ తర్వాత గడ్డం తనంతట తాను మొలిచినట్టు భావించి కొత్తగా చేర్చుకుని తూకానికి పంపాలి.

తొలగింపు కూడా అడ్డదిడ్డంగా జరిగితే పరాంకుశం గారు ఊరుకుంటారా? శాస్త్రోక్తంగా జరగాలి. ముందు ఓదెలుని కుర్చీలో కూచోబెట్టి వేడివేడి టీ ఇచ్చేవాళ్లు. అది మెత్తబరచడం. తర్వాత భిక్షపతి లేచి, “ఓదెలు అసుంటి పనిమంతుడు మండలికి దొరకడు, ఆయన సేవలు మరువలేనియి” అని పొగిడేవాడు. అది నురుగు. తర్వాత అనులోమంగా, తమరు దయచేసి వెళ్లగలరని భిక్షపతి కోరేవాడు. తిర్యక్కుగా, తమరిని పక్క సెక్షనుకి మార్చామని నరహరి చెప్పేవాడు. విలోమంగా, తమరు ఈ మండలిలో లేరని పరాంకుశం గారే వచ్చి అనేవారు. చివర్లో నరహరి భుజం తట్టి, “ఏమీ అనుకోకండి, అంతా మన మంచికే” అనేవాడు. గీసుకున్న చెంపకి పటిక రాసినట్టు అదొక్కటే భగ్గున మండేది.

ఆఫీసులో మిగతావాళ్లకి చెంపలు తెగేవి. ఓదెలుకి సర్వీసు తెగేది, రోజుకోసారి. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేవాడు. “అన్నా, నాకు తెల్వదా నువ్వెవరో? గానీ కొత్తగ చేరెటోళ్లను ఇడిసిపెట్టద్దన్నరు.” మొన్న చేరిన కుర్ర గుమాస్తా ఆయనకన్నా సీనియరై, “ఓదెలు గారూ, కొత్తలో ఇలాగే ఉంటుంది, అలవాటైపోతుంది” అని ధైర్యం చెప్పేవాడు. భిక్షపతి రిటైరై దండలు వేయించుకుని వెళ్లిపోయాడు. కుర్చీ ఖాళీ అయింది. ఓదెలు పైకి వెళ్లి అడిగాడు.

“తప్పకుండా మీదే” అన్నాడు నరహరి, ఫైలు తిరగేస్తూ. “కానీ మీరు చేరింది ఇవాళ పొద్దునే కదా? కాస్త అనుభవం రానివ్వండి.”

ఆ మాటతో ఓదెలుకి ఒళ్లు మండిపోయింది. ఇంటికి పోయి, “రేపటి సంది పోనే” అన్నాడు. వజ్రమ్మ ఆయన టిఫిన్ డబ్బా కడిగి అటక మీద పెట్టేసింది.

మర్నాడు పదైంది. టీ చల్లారింది. గడ్డం మొలవలేదు.

మండలి పండగ చేసుకుంది. పదకొండింటికి నరహరి మిఠాయి పంచాడు. ఇన్నాళ్ల సాధన ఫలించిందనీ, గడ్డం వేళ్లతో సహా పోయిందనీ వరండాలో అందరూ ఒకరి చెంప ఒకరు తడుముకుని సంతోషపడ్డారు. కటకటాల అవతల పోచవ్వ మధ్యాహ్నం దాకా గంప పక్కన చతికిలబడి కూచుని, తిట్టుకుంటూ లేచి వెళ్లిపోయింది.

సంబరం ఆ సాయంత్రమే చెడింది. మండలిలో ప్రతి ఉదయం గడ్డాన్ని శాస్త్రోక్తంగా తొలగిస్తున్నామనీ, సిబ్బంది సహనం అందువల్లే రెట్టింపైందనీ పరాంకుశం గారు ప్రభుత్వానికి గొప్పగా రాసి ఉన్నారు. ఈ పద్ధతిని అన్ని ఆఫీసుల్లోనూ పథకంగా పెట్టడానికి కొత్తగా వేసిన రాష్ట్ర జలక్షౌర సమీక్షా సంఘం చైర్మన్ అది చదివి ముచ్చటపడ్డారు. శుక్రవారం స్వయంగా వచ్చి ఆ తొలగింపు కళ్లారా చూస్తామని కబురు పెట్టారు.

“తీయడానికి గడ్డమేది?” అన్నారు పరాంకుశం గారు. ఆ రోజు డ్రైవర్ని మళ్లీ తిట్టారు.

తిట్టుకుంటూనే నరహరిని వెంటబెట్టుకుని ఓదెలు ఇంటికి బయల్దేరారు. వజ్రమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

“అమ్మా, ఆయన్ని ఒక్కరోజు పంపండి. అందరి ఎదుటా ఘనంగా తీసేసి, జాగ్రత్తగా ఇంటి దగ్గర దింపుతాం” అన్నారు పరాంకుశం గారు చేతులు జోడించి.

“రోజూ ఎల్లగొట్టినోనికి ఇంటికొచ్చి దండం పెడ్తున్రా సార్? గిదేం ఇడ్డూరం!” అంది వజ్రమ్మ. లోపలికి తిరిగి, “ఏమయ్యా, ఇంటున్నవా? తీసేసెతందుకు పిలుస్తున్రు” అని కేకేసింది.

ఓదెలు వచ్చి నింపాదిగా మంచం మీద కూచున్నాడు. “వస్త సార్. పాత సర్వీసు మొత్తం అతికియ్యాలె. నన్ను సూపరింటెండెంటును చేసి ఆ కుర్చీల కూసోబెట్టాలె. అప్పుడు తీసేయున్రి.”

రూలు ఒప్పుకోదని నరహరి గొణిగాడు. పరాంకుశం గారి కళ్లు మాత్రం మెరిశాయి. “చూడు నరహరీ! మామూలు గడ్డం తీస్తే ఏముంది? ఇలా ఏపుగా పెరిగిన గడ్డం తీస్తే సంఘం చూసి తరిస్తుంది!” అక్కడికక్కడే సంతకం పెట్టారు. ఆ ఆర్డరు ఒకటికి రెండుసార్లు చదివించుకుని గానీ వజ్రమ్మ గుమ్మంలోంచి జరగలేదు.

శుక్రవారం వరండాలో షామియానా వేశారు. నడుమ సూపరింటెండెంటు కుర్చీ, దాన్లో గడ్డం ఓదెలు, ఎదురుగా అద్దం. చూడ్డానికి ఇంపుగా ఉంటుందని ఈసారి నిజం నురుగే మొహానికి పట్టించారు. చైర్మన్ గారు, సంఘం సభ్యులు ముందు వరసలో కూచున్నారు. కటకటాల అవతల గంపల ఆడవాళ్లు గుమిగూడారు. పరాంకుశం గారు తొలగింపు ఉత్తర్వు చేతిలో పట్టుకుని, గొంతు సవరించుకుని, “అనులోమం” అని మొదలుపెట్టబోయారు.

చైర్మన్ గారు చెయ్యెత్తారు. “ఒక్క క్షణం. ఆ ఉత్తర్వు మీద సంతకం ఎవరిది?”

“నాదే సార్” అన్నారు పరాంకుశం గారు గర్వంగా.

“అపచారం! ఒకరి గడ్డం మీద ఇంకొకరు చెయ్యి వేయడమా? స్వయంకృషి ఈ పథకానికి ప్రాణం. ఎవరి గడ్డం వారే తీసుకోవాలి. అలా కాని పక్షంలో మేము దీన్ని జలక్షౌరంగా గుర్తించలేము.”

పరాంకుశం గారు తడబడి, వెంటనే సర్దుకున్నారు. “తమరి ఆజ్ఞ సార్. ఓదెలు గారూ, మరి మీరే కానివ్వండి.” తన సంతకం కొట్టేసి కాయితం, పెన్ను ఓదెలు చేతిలో పెట్టారు.

ఓదెలు కాయితం చదివాడు. “గడ్డం తొలగించడమైనది” అని ఉంది. తల ఎత్తి అద్దంలోకి చూసుకున్నాడు. తెల్లటి నురుగు చెంపల్నిండా, దవడ కింద దాకా వేలాడుతోంది. పుట్టి ఇన్నేళ్లకి ఆ మొహం మీద మొదటిసారి గడ్డం ఉన్నట్టుంది. అటు తిరిగి చూసుకున్నాడు, ఇటు తిరిగి చూసుకున్నాడు.

పెన్ను మూత పెట్టి జేబులో వేసుకున్నాడు.

“నాకు మంచిగనే ఉంది సార్” అన్నాడు. “ఉంచుకుంట.”

పరాంకుశం గారు నరహరి చెవిలో నోరు పెట్టి, “ఉంచుకోడానికి ఎవరి అనుమతి కావాలి?” అని గుసగుసలాడారు.

“సెక్షన్ సూపరింటెండెంటుది సార్” అన్నాడు నరహరి.

కటకటాల అవతల ఎవరో పకపకా నవ్వారు. గడ్డం ఓదెలు తువ్వాలుతో మొహం తుడుచుకుని, కుర్చీలోంచి లేచి, “రా పోచవ్వా, గంప దించు” అంటూ కాటా దగ్గరికి నడిచాడు.